చమురుబావిలో పట్టువిడుపులు

బావిలో బిందె పడితే తెలుగు ఇంటివారు చేసే పని ఒకటే: పాతాళ గరిగె తెచ్చి, తాడుకు కట్టి లోపలికి దించడం. చుట్టూ కొక్కేలు గల ఆ ఇనుప గుత్తిని బావి అడుగున అటూ ఇటూ ఈడుస్తూ ఉంటే, ఏదో ఒక కొక్కెం బిందె మెడకో, చేద చేతికో తగులుకొంటుంది. ఊరికి ఒకటో రెండో ఉండేవి. అవసరం వచ్చినవారు అరువు తెచ్చుకొనేవారు. మూడు నాలుగు వేల మీటర్ల లోతున తెగిపడిన గొట్టాలను పైకి తీసే పరికరాలను గురించి తెలుగులో చెప్పవలసి వచ్చినప్పుడు, ఈ పాతాళ గరిగెనే ఉపమానంగా తీసుకోవడం సహజం. ఇంగ్లీషువారు తీసుకొన్న ఉపమానం వేరు. వారు ఈ పనిని ‘ఫిషింగ్’ అంటారు, అనగా చేపలు పట్టడం. బావిలో చిక్కుపడిన వస్తువు గొట్టమైనా, తీగ అయినా, పైనుంచి ఎవరో జారవిడిచిన రెంచి అయినా సరే, అది వారి భాషలో ‘చేప’. రెండు ఉపమానాలూ చక్కనివే. కాని రెండూ పాఠకుణ్ణి ఒకే పొరపాటు దారిలో నడిపిస్తాయి. పట్టుకోవడమే ఈ పనిలో ఉన్న కష్టమంతా అన్న భ్రమ కలిగిస్తాయి.

బిందెకు మెడ ఉన్నది, చేదకు చెయ్యి ఉన్నది. తెగిన డ్రిల్లు గొట్టానికి అట్టివేవీ లేవు. దాని పైకొస మొండిగా, ఒక్కొక్కప్పుడు నలిగి, చీలి, రంధ్రపు గోడకు జారగిలబడి ఉంటుంది. 8½ అంగుళాల రంధ్రంలో 6⅜ అంగుళాల లావుగల గొట్టపు కీలు సరిగా నడిమధ్యనే నిలిచి ఉన్నదనుకొన్నా, దాని చుట్టూ మిగిలే జాగా ఒక్కొక్క వైపున అంగుళం కంటె రవంత ఎక్కువ. బయటినుంచి పట్టే పరికరమైతే దాని గోడ, పళ్ళు, మరలు అన్నీ ఆ అంగుళంలోనే ఇమడాలి. రంధ్రమంతా చిక్కని బురద ద్రవంతో నిండి ఉంటుంది కనుక చూడడానికి వీలు లేదు. పైనున్న పనివానికి తెలిసేవి మూడే సంగతులు: వేలాడే బరువు ఎంత, తిప్పుతుంటే గొట్టం ఎంత ఎదురు తిరుగుతున్నది, బురదను తోలే పంపు మీద పీడనం ఎంత. అంతకుమించి తెలుసుకోవాలంటే, అడుగున మెత్తని సీసం పోసిన దిమ్మ నొకదాన్ని దించి, చేప నెత్తిన కొంత బరువు ఆనించి పైకి తీస్తారు. ఆ సీసం మీద పడిన గుర్తును ముద్రాక్షరాన్ని చదివినట్లు తిరగేసి చదువుకోవాలి. అడుగున ఉన్నది గుండ్రని కొసా, చీలిన కొసా, పక్కకు వాలి ఉన్నదా అన్న సంగతి ఆ గుర్తులోనుంచే ఊహించాలి.

ఇంత చీకట్లో, ఇంత ఇరుకులో వస్తువును పట్టుకొన్నంత మాత్రాన అది పైకి రాదు. ఇసుకో, కూలిన రాతిముక్కలో, బురద పీడనమో దానిని గోడకు బిగించి ఉంచవచ్చు. డెరిక్కు ఓర్చుకోగలిగినంత లాగారు, అయినా కదలలేదు. ఇప్పుడేమి చేయాలి? పట్టుకొన్న పరికరం పట్టు వదలగలిగినదైతే దానిని తీసివేసి మరొక ఉపాయం చూస్తారు. వదలలేనిదైతే, ఆ పరికరమూ, దానిపైన ఉన్న వేలమీటర్ల గొట్టమూ కూడా బావిలో చిక్కినట్లే. చేపను పట్టబోయినవాడే చేప అవుతాడు. అందుచేత ఈ పరికరాల తారతమ్యం నిర్ణయించేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న ‘ఇది ఎంత గట్టిగా పట్టుకొంటుంది?’ అన్నది కాదు. ‘ఇది అడిగినప్పుడు వదులుతుందా?’ అన్నది.

ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు, సమస్య కూడా కొత్తది కాదు. చైనాలో సిచ్వాన్ ప్రాంతపు ఉప్పునీటి బావులవారు వెదురు తాళ్ళతో వేలమీటరు దాటి తవ్వినవారు. ట్సికుంగ్ పట్టణంలోని షెన్‌హాయ్ బావి 1835లో 1,001 మీటర్ల లోతు ముట్టింది. అంత లోతున తెగిన తాళ్ళనూ, విరిగిన ఉలులనూ తీయడానికి వారు వెదురుతోనూ ఇనుముతోనూ రకరకాల పనిముట్లు కల్పించుకొన్నారు. అమెరికాలో కనావా లోయలో ఉప్పుబావులు తవ్విన విలియమ్ మారిస్ 1841లో ‘జార్’ అనే పరికరానికి పేటెంటు పొందాడు. ఈ జార్‌కు ఊరగాయ జాడీతో ఏ సంబంధమూ లేదు. కుదుపు అన్న అర్థంలో వచ్చిన మాట అది. గొలుసులోని రెండు లంకెలవలె ఒకదానిలో ఒకటి ఆడే ఇనుప కడ్డీలు అవి. ఇరుక్కొన్న ఉలిని మెల్లగా లాగడానికి బదులు, పై లంకె కొంత దూరం ఊరికే జారి, ఆపైన కింది లంకెను పైకి కొడుతుంది. లాగుడు పనిచేయని చోట దెబ్బ పనిచేస్తుందని గుర్తించడం గొప్ప విషయం. పెన్సిల్వేనియాలో డ్రేక్ బావి 1859 ఆగస్టు 27న చమురు ముట్టిన కొద్దిరోజులకే ఆ చుట్టుపక్కల గ్రాండిన్ అనే యువకుడు మరొక బావి తవ్వించాడు. 134 అడుగుల దగ్గర పనిముట్టు ఇరుక్కొన్నది. ఎన్ని పాట్లు పడినా రాలేదు; చివరకు తుపాకిమందు పేల్చి చూశారు; దానితో బావే పాడయింది. చమురు పరిశ్రమ పుట్టిన సంవత్సరంలోనే, వదలవలసినచోట వదలక బావిని పోగొట్టుకొన్న ఉదాహరణ కూడా పుట్టింది.

ఇక నేటి పనిముట్లను ఒక్కొక్కటిగా పరీక్షించవచ్చు. వీటిలో అన్నిటికంటె సరళమైనది ‘టేపర్ ట్యాప్’. ఇది కొస సన్నగిల్లిన పొడుగాటి మరమేకు. గొట్టం కన్నంలోకి దూర్చి, తిప్పుతుంటే తన మరలను తానే ఉక్కులో కోసుకొంటూ దిగి బిగిసిపోతుంది. బయటినుంచి ఇదే పని చేసే మూకుడు వంటి పరికరం ‘డై కాలర్’. తయారీ తేలిక, ఖరీదు తక్కువ, విరిగిపోయే చిన్న భాగాలు లేవు. గొట్టం కొస ఎట్లా ఉన్నా చాలావరకు పట్టుకొంటాయి. ఇన్ని సుగుణాలున్నా వీటిని మంచి పనిముట్లు అనడానికి మనసొప్పదు. బిగియడం మాత్రమే వచ్చుగాని సడలడం వీటికి రాదు. అందుకే వీటిపైన ‘సేఫ్టీ జాయింటు’ అనే ప్రత్యేకపు కీలును పెట్టి, అవసరమైతే అక్కడ విప్పుకొని బయటపడతారు. అప్పుడు కూడా ట్యాపు బావిలోనే మిగిలిపోతుంది. ఉన్న చేపకు మరొక తల మొలిచినట్లవుతుంది. తనలో లేని గుణాన్ని పొరుగువానివద్ద అరువు తెచ్చుకొనే పనిముట్టును ఆఖరు ఉపాయంగా ఉంచుకోవడమే న్యాయం.

ఈ విషయంలో ‘ఓవర్‌షాట్’ అన్న పరికరం ఎంతో మెరుగు. ఈ వృత్తిలో కల్పనాచాతుర్యం అన్న మాటకు తగిన వస్తువు ఏదైనా ఉంటే అది ఇదే. పేరుకు తగినట్లు ఇది చేప నెత్తిన టోపీవలె దిగుతుంది. బయటి ఉక్కు గిన్నె లోపలి గోడ నున్నగా ఉండదు. కిందికి పోనుపోను ఇరుకయ్యే వాలుతో మెట్లుమెట్లుగా, మరచుట్టువలె చెక్కి ఉంటుంది. ఆ చుట్లలో సరిగా ఇమిడే ‘గ్రాపుల్’ అనే ఉక్కు పట్టీ ఉంటుంది. చేప లావు పరికరం పట్టగలిగిన పెద్ద కొలతకు దగ్గరగా ఉంటే స్ప్రింగు ఆకారపు పట్టీనీ, బాగా సన్నగా ఉంటే బుట్ట ఆకారపు పట్టీనీ వాడతారు. పట్టీ లోపలివైపున సన్నని పళ్ళు. పరికరాన్ని కుడివైపుకు నెమ్మదిగా తిప్పుతూ దించితే పట్టీ కొంచెం విచ్చుకొని చేపను లోపలికి రానిస్తుంది. తరువాత తిప్పడం మాని నిలువుగా లాగాలి. గిన్నె పైకి లేస్తుంది. పట్టీ చేపను కరచుకొని ఉన్నచోటనే ఉంటుంది. గిన్నె వాలు పట్టీని లోపలికి నొక్కుతుంది. ఎంత ఎక్కువ లాగితే అంత ఎక్కువ నొక్కు. లాగినకొద్దీ బిగిసే ఉచ్చువంటిదే ఇది.

అయితే ఉచ్చుకు లేని సుగుణం దీనికి ఉన్నది. పట్టీ పళ్ళు ఎడమ మరగా కోసి ఉంటాయి. ఇందులోని తెలివి అర్థం కావాలంటే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. డ్రిల్లు గొట్టాల కీళ్ళన్నీ కుడి మరలు. కుడివైపుకు తిప్పితే అవి బిగుస్తాయి. ఎడమవైపుకు తిప్పితే వందలకొద్దీ కీళ్ళలో ఏది ఎక్కడ ఊడుతుందో ఎవరూ చెప్పలేరు. కాబట్టి వదలడానికి ఎడమవైపు తిప్పవలసిన పరికరం, ఒక ప్రమాదాన్ని తప్పించబోయి మరొకదానిని తెచ్చుకొనేదే. ఓవర్‌షాట్ పళ్ళు ఎడమ మర అయినందున, కుడివైపుకు తిప్పుతూ మెల్లగా ఎత్తితే అది చేపమీదినుంచి మరవిప్పుకొన్నట్లుగా తేలిపోతుంది. పైనున్న గొట్టాలు ఆ తిప్పుడుకే మరింత బిగుస్తాయి. ఒకే కదలికతో కింది పట్టు సడలి, పై పట్టు గట్టిపడుతుంది. మరొక సొగసు కూడా ఉన్నది. ఇట్లా మరవిప్పుకోవడానికి చేప తనంతట తాను తిరగకుండా ఉండాలి. గట్టిగా ఇరుక్కొన్న చేప తిరగదు. వదలవలసిన అవసరం వచ్చేది సరిగ్గా అట్టి చేపతోనే.

ఇన్ని చెప్పిన తరువాత దీని లోపాలు దాచడం న్యాయం కాదు. గట్టిగా లాగి, దెబ్బలు కొట్టి చూచిన తరువాత పట్టీ గిన్నె వాలులో బిగుసుకుపోతుంది. అప్పుడు తిప్పితే ఫలితం ఉండదు. ముందు పైనుంచి కిందికి ఒక గట్టి దెబ్బ వేసి పట్టీని వాలునుంచి కదిలించాలి. ఆ దెబ్బ వేయడానికి ఓవర్‌షాట్‌కు కొంచెం పైన ‘బంపర్’ అనే జారుడు కీలు ఉండాలి. అది పెట్టడం మరచినవాని చేతిలో ఓవర్‌షాట్ టేపర్ ట్యాపు అయిపోతుంది. అనగా దీని విడుపు దీనిలో సగమే ఉన్నది. మిగిలిన సగం దీనికి తోడుగా దించే పరికరాలలో, దించేవాని జ్ఞాపకశక్తిలో ఉన్నది. పరికరాల జాబితాలలో కొలతలూ, లాగుడు బలమూ కనబడినంత ప్రముఖంగా ఈ సంగతి కనబడదు. అది విచారించవలసిన విషయం.

లోపలినుంచి పట్టే ‘స్పియర్’ ఓవర్‌షాట్‌కు తిరగేసిన రూపం. బావి గోడకు తొడుగుగా దించిన పెద్ద గొట్టాన్ని బయటినుంచి పట్టడానికి జాగా ఉండదు కనుక అక్కడ దీనికి సాటి లేదు. పట్టు వదలడం కూడా దీనికి తెలుసు. కాని సన్నని డ్రిల్లు గొట్టంలోకి దూరవలసి వచ్చేసరికి దీని ఒళ్ళు మరీ సన్నమై బలం తగ్గుతుంది. నడిమి కన్నం ఇరుకై, అందులోనుంచి కొలత పరికరాలను దించడం కష్టమవుతుంది. ఓవర్‌షాట్ పట్టుకొన్న తరువాత చేప కడుపులోకి దారి తెరిచే ఉంటుంది. ఆ దారి ఎంత అవసరమో ముందు తెలుస్తుంది.

చిన్నచిన్న తునకలకు వేరే పనిముట్లున్నాయి. తొలిచే బిట్టునుంచి ఊడిన పళ్ళచక్రాన్ని అయస్కాంతంతో తీయవచ్చు. ఇత్తడి, కంచు ముక్కలైతే అయస్కాంతానికి లొంగవు. బురద ప్రవాహాన్ని బయటినుంచి అడుగుకు తోలి, నడిమధ్యలోనుంచి పైకి మళ్ళించి, ఆ వరవడిలో తునకలను ఊడ్చుకొనే బుట్టలున్నాయి. ఇవి పట్టుకొనేవి కావు, ఏరుకొనేవి. కనుక విడుపు సమస్య వీటికి దాదాపు లేదు. ఇరుక్కొన్న లోహాన్ని పైనుంచి అరగదీసి రజనుగా చేసే ‘మిల్లు’లకూ అంతే, అవి చేపను తీయవు, తినివేస్తాయి.

జార్ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మారిస్ నాటి లంకెల స్థానంలో ఇప్పుడు నూనెతో పనిచేసే జార్‌లు వచ్చాయి. గొట్టాన్ని పైకి లాగితే, జార్ లోపలి నూనె సన్నని సందులోనుంచి మెల్లగా జారుతూ కొంతసేపు ఎదురాడుతుంది. ఈ లోపల పైనున్న గొట్టమంతా రబ్బరువలె సాగుతుంది. ఉక్కు రబ్బరువలె సాగడమేమిటని ఆశ్చర్యపడనక్కరలేదు. లెక్క వేసి చూడవచ్చు. మీటరుకు 29 కిలోల బరువుగల 5 అంగుళాల గొట్టంలో ఉక్కు అడ్డుకోత వైశాల్యం సుమారు 34 చదరపు సెంటీమీటర్లు. 3,000 మీటర్ల అట్టి గొట్టాన్ని దాని సొంత బరువుకు మించి 20 టన్నులు అదనంగా లాగితే, హుక్ సూత్రం ప్రకారం అది 84 సెంటీమీటర్లు సాగుతుంది. ఆ సాగులో నిలవ ఉండే శక్తి 1 టన్ను బరువును 8 మీటర్లు దాటిన ఎత్తునుంచి జారవిడిస్తే పుట్టే శక్తికి సమానం. నూనె సందు దాటగానే అడ్డు తొలగుతుంది. గొట్టం ఒక్కసారి ముడుచుకొంటుంది. లోపలి సుత్తి దాగలిని తాకుతుంది. శక్తి అంతా దెబ్బగా మారదు, కొంత దారిలో పోతుంది. మిగిలినదే చాలు, మామూలు లాగుడు కంటె ఎన్నో రెట్ల బలం క్షణకాలం చేప మీద పడడానికి. ఒకటి రెండు దెబ్బలకు రాని చేప గంటలకొద్దీ దెబ్బలు తిన్న తరువాత రావడం ఉన్నది. ఎన్ని గంటలు కొట్టాలి అన్న ప్రశ్నకు మాత్రం జార్ దగ్గర జవాబు లేదు.

సాగుడు లెక్కకు మరొక ఉపయోగం ఉన్నది. అదే గొట్టాన్ని అదే 20 టన్నులతో లాగినప్పుడు 84 సెంటీమీటర్లకు బదులు 56 సెంటీమీటర్లే సాగినదనుకోండి. సాగింది పైనున్న 2,000 మీటర్లే. కింది 1,000 మీటర్లు ఇరుకులో ఉన్నాయన్నమాట. మూడు వేల మీటర్ల లోతులో పట్టు ఎక్కడ ఉన్నదో ఒక కొలబద్దతో, ఒక గుణకారంతో ఇంచుమించుగా తేలుతుంది. కళాశాలలో తీగకు బరువులు కట్టి యంగ్ గుణకం కొలిచే విద్యార్థి చేసే ప్రయోగమే ఇది. తీగ పొడుగు మాత్రం కిలోమీటర్లు. ఇంతకంటె నిక్కచ్చిగా తెలియవలసినప్పుడు గొట్టం కడుపులోకి కొలత పరికరాన్ని దించుతారు. పైన చెప్పిన తెరిచిన దారి విలువ ఇక్కడ తెలుస్తుంది. తరువాత ఇరుకుకు కాస్త పైనున్న కీలు దగ్గరకు పేలుడు తాడును దించి, గొట్టాన్ని ఎడమవైపుకు కొంచెం మెలిపెట్టి ఉంచి పేలుస్తారు. ఆ అదురుకు ఆ ఒక్క కీలే సడలుతుంది. ఏ కీలు ఊడుతుందో తెలియని ఎడమ తిప్పుడు భయాన్ని, ఊడవలసిన కీలునే ఎంచి ఊడదీసే నేర్పుగా మార్చారు. కిందిది వదిలి పైది దక్కించుకొంటారు.

చివరకు బావినే కొంతమేరకు వదలవలసిన ఘట్టం వస్తుంది. ఇక్కడ పరికరం కాదు, లెక్క నిర్ణయించాలి. రిగ్గుకూ పనివాళ్ళకూ ఒక రోజుకు అయ్యే ఖర్చును ఒక పాలు అనుకొందాం. చిక్కిన వస్తువుల విలువ 3 పాళ్ళు. దానిని సిమెంటుతో పూడ్చి, పక్కకు తిప్పి మళ్ళీ అంత లోతు తొలవడానికి 5 పాళ్ళు అవుతుందనుకొంటే, 8 రోజులకు మించి చేపకోసం గడపడం నష్టమే. అదీ వస్తుందన్న నమ్మకం పూర్తిగా ఉంటేనే. వచ్చే అవకాశం సగమే అయితే 4 రోజులే. ఈ లెక్క తెలియనివారు ఈ వృత్తిలో ఉండరు. కాని తొమ్మిదవ రోజున, ‘ఇంతవరకు పెట్టిన ఖర్చు వృథా కావలసిందేనా’ అన్న ఆలోచన అడ్డు వస్తుంది. పెట్టిన ఖర్చు లెక్కలో చేరదు, చేరకూడదు.

ఇంత పెద్ద ఎత్తున వదలడానికి సోవియట్ యూనియన్‌లోని కోలా అతిలోతు బావి మంచి నిదర్శనం. అది చమురుకోసం కాక శాస్త్ర పరిశోధనకోసం తొలిచినది. గొట్టాలు అల్యూమినియం మిశ్రలోహంవి. 1984 సెప్టెంబరులో 12,066 మీటర్ల లోతున ఉండగా గొట్టాల వరుస తెగి, సుమారు 5,000 మీటర్ల పొడవు లోపల ఉండిపోయింది. దానిని వదిలివేసి, 7,000 మీటర్ల దగ్గరనుంచి కొత్త దారిలో తిరిగి తొలవడం మొదలుపెట్టారు. అయిదు కిలోమీటర్ల శ్రమ పోయినది నిజమే. ఆ కొత్త దారే 1989లో 12,262 మీటర్లు చేరుకొన్నది.

వదలడం కూడా ఒక్కొక్కప్పుడు ఊరికే కుదరదు. శిలల సాంద్రత కొలవడానికి సీసియం-137నూ, వాటిలోని ఖాళీలను కనుగొనడానికి అమెరిషియం-బెరీలియం న్యూట్రాను మూలాన్నీ ఉక్కు గుళికలలో మూసి బావుల్లోకి దించుతారు. సీసియం అర్ధాయువు 30 సంవత్సరాలు. అమెరిషియం-241ది 432 సంవత్సరాలు. తీగ తెగి ఇట్టి గుళిక చిక్కితే, అంతవరకు చెప్పిన ఆదాయవ్యయాల లెక్క పక్కకు పోతుంది. తీయడానికి తగిన ప్రయత్నం జరిగి తీరాలని అమెరికా అణు నియంత్రణ సంస్థ నియమం. గుళిక పగిలే అవకాశం ఉన్న పద్ధతిలో తీయ ప్రయత్నించకూడదని కూడా అదే నియమం. పగిలితే బురదతోపాటు విషం పైకి వస్తుంది. రిగ్గుమీద పనిచేసేవారి చేతులకూ బట్టలకూ అంటుతుంది. అరగదీసే మిల్లు ఎంత పనిమంతురాలైనా ఇక్కడ తావు లేదు. నోరు మెత్తగా గల పనిముట్టు, వదలడం తెలిసిన పనిముట్టు మాత్రమే దిగాలి.

అయినా రాకపోతే గుళికను ఉన్నచోటనే సిమెంటుతో కదలకుండా పూడ్చాలి. తరువాత ఎవరైనా తెలియక తొలిచినా బిట్టు దానికి తగలకుండా అడ్డు ఏర్పాటు చేయాలి. బావి మొగదల 17 సెంటీమీటర్ల పొడుగు వెడల్పులకు తగ్గని ఉక్కు, ఇత్తడి, కంచు వంటి చిరకాలం నిలిచే లోహపు పలక బిగించాలి. దానిమీద బావి పేరు, వదలివేసిన తేదీ, గుళికలో ఉన్న పదార్థం, దాని పరిమాణం, అది ఎంత లోతున ఉన్నది, సిమెంటు ఎంతవరకు ఉన్నది అన్న వివరాలు చెక్కి ఉంటాయి.